పెద్దయ్యాక స్కోలియోసిస్: పాత ఎక్స్‌రే లేకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళకండి

13 ఏళ్లప్పుడు స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకు 28 డిగ్రీలు వంగిందన్నారు, 18కి "ఎదుగుదల ఆగింది, ఇక భయం లేదు" అని పంపేశారు, ఇప్పుడు 34 ఏళ్లకు నడుము నొప్పి మొదలైంది, మళ్ళీ చూపించుకుంటే ఆపరేషన్ అంటారేమోనని భయం. మీరు రాసింది ఇదే కదా. నాదీ కాస్త అటూ ఇటుగా ఇదే కథ. చూపించుకోండి, కానీ చేతులూపుకుంటూ వెళ్ళకండి. ముందు ఇల్లంతా గాలించి పాత ఎక్స్‌రే తీసిపెట్టుకోండి. నేను ఆ పని చెయ్యకపోవడం వల్ల రెండు నెలలు సరిగ్గా నిద్రపోలేదు.

నాకు 15 ఏళ్లప్పుడు వీపు పైభాగంలో కుడివైపుకి 34 డిగ్రీల వంపు అని రిపోర్టులో రాశారు. ఎముకలు దాదాపు ఎదిగిపోయాయి కాబట్టి బెల్టు కూడా అక్కర్లేదన్నారు. తర్వాత 23 ఏళ్లు ఎవరికీ చూపించలేదు. మర్చిపోయానని కాదు, ఎలా మర్చిపోతాం? మెడ దగ్గర బట్ట ఎప్పుడూ ఒక పక్కకే జారుతుంది, బ్యాగు ఎడమ భుజం మీద నిలవదు. నిటారుగా కూర్చో అని చెప్పనివాళ్లు లేరు. వాళ్ల మాట వింటే ఎప్పటికైనా సరవుతుందనుకునేదాన్ని. ఇది కూర్చునే తీరు వల్లో, పుస్తకాల సంచి మోయడం వల్లో వచ్చేది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. పదిమందిలో ఎనిమిదిమందికి ఇదీ కారణం అని ఎవరూ చెప్పలేరు. పైగా వెన్ను పక్కకు వంగడంతో పాటు మెలి కూడా తిరుగుతుంది, అందుకే ముందుకు వంగితే ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా లేస్తాయి. ఆ మెలిని నిటారుగా కూర్చుని ఎవరు విప్పగలరు!

38 ఏళ్లకు నడుము కింద ఎడమవైపు నొప్పి మొదలైంది. ఎక్కువసేపు నిలబడితే సాయంత్రానికి పెరిగేది, పడుకుంటే తగ్గేది. వెళ్తే నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. రిపోర్టులో 43. అప్పట్లో 34, ఇప్పుడు 43! చూసిన డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండా "పెరిగింది, స్పైన్ సర్జన్‌ని కలవండి" అన్నారు. ఆ రాత్రి కూర్చుని లెక్కలు వేశాను, ఇదే లెక్కన 60 ఏళ్లకు ఎంత, 70కి ఎంత అని. అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

సర్జన్ దగ్గరికి వెళ్ళేనాటికి పాత ఫిల్మ్ దొరికింది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి, ఎవరు రాసిన అంకెనూ పట్టించుకోకుండా తనే గీతలు గీసి రెండూ కొలిచారు. పాతది 38, కొత్తది 42. అంటే 23 ఏళ్లలో వచ్చిన తేడా నాలుగు డిగ్రీలు. మరి ఆ 34 ఎక్కడిదంటే, అప్పుడు కొలిచినవాళ్లు ఒక వెన్నుపూస కిందినుంచి మొదలుపెట్టారట. ఈ కొలత పేరు కాబ్ కోణం, 1948లో జాన్ కాబ్ అనే అమెరికన్ ఎముకల డాక్టరు చెప్పిన పద్ధతి. వంపు పైకొసన బాగా వాలిన పూస, కిందికొసన బాగా వాలిన పూస, ఆ రెంటి మధ్య కోణం. ఏ పూసలు ఎంచుకున్నారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఒకే ఫిల్మ్‌ని ఇద్దరు కొలిచినా 5 డిగ్రీల దాకా తేడా రావడం మామూలే. కాబట్టి నాలుగు డిగ్రీలు చూసి పెరిగిందని చెప్పలేం అన్నారు. అసలు పెరగలేదని కూడా ఒట్టేసి చెప్పలేదు. అది నాకు నచ్చింది.

మీకు చెప్పిన "ఎదుగుదల ఆగితే భయం లేదు" అన్నది సగం మాట. ఎముకలు ఎదిగిపోయేసరికి 30 డిగ్రీల లోపు ఉన్న వంపులు తర్వాత పెద్దగా కదలవు. 50 దాటినవి పెద్దయ్యాక కూడా ఏడాదికి డిగ్రీ దాకా మెల్లగా పెరుగుతూ పోవచ్చు. మధ్యలో ఉన్న నాలాంటివాళ్లు అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి. మీది 13 ఏళ్లప్పటి అంకె, తర్వాత ఐదేళ్లు ఎదిగారు. అందుకే 18 ఏళ్లప్పటి ఫిల్మ్ ఏదైనా ఉంటే ఎక్కువ పనికొచ్చేది అదే.

ఇక నొప్పి సంగతి. ఆయన నన్ను ముందుకు వంచి చూశారు, మడమల మీద, మునివేళ్ల మీద నడిపించారు, మోకాళ్ల దగ్గర సుత్తితో తట్టారు. నా వంపు వీపులో ఉంటే నొప్పి నడుములో ఉంది. వంపు లేనివాళ్లకు కూడా వచ్చే నొప్పే ఇది, ప్రతిదీ వంకర ఖాతాలో వెయ్యకండి అన్నారు. ఎమ్మారై తీయమని నేనే అడిగాను. కాళ్లలో తిమ్మిర్లూ బలహీనతా లేవు కదా, ఇప్పుడెందుకన్నారు. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, పడుకుంటే వంపు తక్కువగా కనిపిస్తుంది. దాంట్లో అంకె తగ్గిందని సంబరపడకండి, నిలబడి తీసినదాన్ని నిలబడి తీసినదాంతోనే పోల్చాలి.

ఆపరేషన్ మాట ఆయన ఎత్తనే లేదు, నేనే ఎత్తాను. పెద్దవాళ్లలో ఒక్క అంకె చూసి చెయ్యరట. వంపు పెరుగుతోందా, నరాలు నలుగుతున్నాయా, ఒళ్లు ఒక పక్కకో ముందుకో ఒరిగిపోతోందా, మిగతావన్నీ చేశాక కూడా నొప్పితో రోజు గడవట్లేదా అని చూస్తారు. రాడ్లూ స్క్రూలూ వేసి పూసల్ని అతికిస్తారు, అతికిన చోట ఇక వంగదు. నన్ను ఫిజియో దగ్గరికి పంపారు. మూడు నెలలకు నొప్పి సగానికి సగం తగ్గింది, వంపు మాత్రం అక్కడే ఉంది. వ్యాయామంతోనో బెల్టుతోనో పెద్దవాళ్ల వెన్ను తిన్నగా చేస్తామనేవాళ్ల దగ్గర డబ్బు పోగొట్టుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం ఫిల్మ్ వెతుకుతూ కూర్చోవద్దు. కాలు పట్టు తప్పడం, మూత్రం రాకపోవడం లేదా మలమూత్రాల మీద అదుపు పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, వీటిలో ఏదున్నా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి ఉంటే కూడా నెలలు ఆగకండి.

మామూలుగా వెళ్ళేటప్పుడు నొప్పి ఎప్పుడొస్తోంది, దేనితో తగ్గుతోంది, దేనివల్ల ఏ పని ఆగిపోతోంది, ఓ కాగితం మీద రాసుకోండి. గదిలోకి వెళ్ళాక సగం గుర్తుండవు. గర్భం ఉండే అవకాశముంటే ఎక్స్‌రేకి ముందే చెప్పండి. ఏ పూస నుంచి ఏ పూస దాకా కొలిచారో రిపోర్టులో రాయమనండి. నేను అడిగితే కాస్త వింతగా చూశారు, కానీ రాసిచ్చారు. పాత ఫిల్మ్ ఎక్కడా దొరక్కపోతే ఇప్పుడు తీసేదే మొదటిదనుకుని కాపీ తెచ్చి దాచుకోండి. నన్ను ఐదేళ్లకు రమ్మన్నారు, నా తర్వాతి ఎక్స్‌రే వచ్చే ఏడాది. ఈసారి మూడు ఫిల్ములూ ఒకే కవర్లో ఉంటాయి.