రాత్రి మూడింటికి ఫోన్ చేస్తే ఏమంటారు?

ప్రశ్న: మేడం గారూ, మాది ఒంగోలు, ఎంబీబీఎస్ గుంటూరులో చేశాను. అమెరికా లైసెన్స్ కోసం రాసే స్టెప్ పరీక్షలన్నీ అయిపోయాయి, ఈసారి అక్కడ ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి, అంటే పీజీ ట్రైనింగ్‌కి, అప్లై చేస్తే మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. ఒకటి బాగా పేరున్న యూనివర్సిటీ హాస్పిటల్. రెండోది మిషిగన్‌లో ఒక చిన్న టౌన్‌లో కమ్యూనిటీ హాస్పిటల్. మూడోది న్యూజెర్సీ, అక్కడ మా పిన్ని వాళ్ళుంటారు, రెసిడెంట్లలో కూడా చాలామంది మనవాళ్ళే. ఏది ముందు కావాలో వరసగా రాసి ఇచ్చే ర్యాంక్ లిస్ట్‌లో నాన్న పేరున్నదే ముందు పెట్టమంటారు. బాబాయేమో అది నీకు ఎలాగూ రాదు, దాన్ని ఒకటో నంబర్లో పెడితే మిగతా రెండూ కూడా చేజారతాయి, గ్యారంటీగా వచ్చేదాన్ని ముందు పెట్టు అంటున్నారు. నాకైతే మిషిగన్ రెసిడెంట్లతో మాట్లాడినప్పుడు మనసుకి బాగా అనిపించింది, కానీ అంత మాత్రానికే మూడేళ్ళు అక్కడ గడపడానికి ఒప్పుకోవచ్చా? వచ్చే వారం ర్యాంక్ లిస్ట్ సర్టిఫై చేయాలి, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు.
(పేరు వద్దు, ఒంగోలు)

జవాబు: తల్లీ, ముందు మీ బాబాయి గారి భయం తీర్చేస్తాను, ఎందుకంటే నాకొచ్చే ఉత్తరాల్లో ప్రతి సంవత్సరం ఇదే ఉంటుంది. మీ లిస్టులూ హాస్పిటళ్ళ లిస్టులూ కలిపి చూసి సీట్లు పంచే మ్యాచ్ కంప్యూటర్ పనిచేసేది అలా కాదు. నీ లిస్టులో ఒకటోది ముందు చూస్తుంది, వాళ్ళు నిన్ను ర్యాంక్ చేయకపోయినా, నీకన్నా పైన పెట్టుకున్నవాళ్ళతో సీట్లు నిండిపోయినా అప్పుడు రెండోదానికి వెళ్తుంది. ఈలోగా ఆ రెండో చోట వేరేవాళ్ళు సీటు పట్టుకుని ఉన్నా సరే, ఆ ప్రోగ్రాం వాళ్ళకంటే నిన్ను పైన రాసుకుని ఉంటే వాళ్ళని పక్కకి జరిపి నీకు ఇస్తుంది. అంటే ఒకటోది రాకపోయినందుకు రెండోదాంట్లో నీ వంతు వెనక్కి పోదు. 1998 నుంచి ఈ లెక్క అప్లై చేసేవాళ్ళ వైపు నుంచే మొదలవుతోంది, దాన్ని అలా మార్చిన ఆల్విన్ రాత్‌కి 2012లో లాయిడ్ షాప్లీతో కలిపి ఎకనామిక్స్ నోబెల్ కూడా వచ్చింది. నువ్వు ఏది ఎన్నో నంబర్లో పెట్టావో ప్రోగ్రాం వాళ్ళకి కనపడదు కూడా. కాబట్టి వస్తుందా రాదా అన్న ఆలోచన పూర్తిగా పక్కన పెట్టి, నీకు ఏది ఎక్కువ కావాలో ఆ వరసలోనే పెట్టు. ఇంటర్వ్యూ తర్వాత ప్రోగ్రాం డైరెక్టర్ నుంచి నిన్ను చాలా పైన పెట్టాం అని మెయిల్ వస్తే సంతోషించు, కానీ అది మాట ఇచ్చినట్టు కాదు, దాన్ని నమ్మి వరస మార్చకు. ఇంకోటి, చేరడం అసలు ఇష్టం లేని చోటుని లిస్టులో పెట్టొద్దు, మ్యాచ్ అయితే కట్టుబడి ఉండాల్సిందే.

ఇక ఏది కావాలో ఎలా తెలుస్తుంది అంటావా, దానికి నా సంగతి ఒకటి చెప్తాను. నేను రెసిడెన్సీ చేసిన చోటు పేరు ఇక్కడ అనవసరం, పేరుకి మాత్రం ఏ లోటూ లేదు. ఇంటర్న్‌గా, అంటే రెసిడెన్సీ ఫస్ట్ ఇయర్‌లో, రెండో నెల, రాత్రి మూడు దాటింది, ఒక డయాలసిస్ పేషెంట్‌కి పొటాషియం ప్రమాదకరంగా 6.8 ఉందని ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ఈసీజీ తీస్తే టీ వేవ్స్ పైకి నిక్కినట్టే ఉన్నాయి కానీ గట్టిగా అవునని అనుకోలేకపోయాను. అంతకు ముందు వారమే ఇలాంటి వేళలో సీనియర్‌ని లేపితే ఈ మాత్రం కూడా తెలీదా అని పొద్దున రౌండ్స్‌లో అందరి ముందు అన్నాడు, అది మనసులో ఉండిపోయి ఈసారి ఫోన్ చేతిలో పట్టుకునే పావుగంట సేపు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. ఆ పావుగంటలోనే ఆయనకి గుండె లయ తప్పింది. నర్సు కాల్షియం సిరంజి తెచ్చి చేతిలో పెట్టేదాకా నేను కదల్లేదు. ఆయన బతికారు, నాలుగు రోజులు ఐసీయూలో ఉండి. పొటాషియం పెరిగితే కాల్షియం ఇవ్వాలని నాకు తెలీక కాదమ్మా, ఫైనలియర్‌లోనే చదివాను, తెలిసిన పని చేయడానికి కూడా చెయ్యి ఆడనంతగా భయపెట్టి పెట్టారు మమ్మల్ని. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే, రాత్రి మూడింటికి నీకు తెలీనప్పుడు ఫోన్ చేస్తే అవతల ఎత్తేది ఎవరు, ఎత్తి ఏమంటారు, అది తెలుసుకో.

ఇక్కడ సపోర్ట్ ఉందా అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు, అలా అడక్కు. ఫస్ట్ ఇయర్ వాళ్ళని విడిగా పట్టుకుని, పోయిన నెలలో రాత్రిపూట సీనియర్‌నో అటెండింగ్‌నో (పైనుండే పెద్ద డాక్టర్‌నో) చివరిసారి ఎప్పుడు లేపావు, ఏమన్నారు అని అడుగు. నిజంగా మంచి చోటైతే వెంటనే ఒక సంఘటన చెప్తారు, లేకపోతే కాస్త ఆగి ఇక్కడ ఇండిపెండెన్స్ ఎక్కువ అంటారు. ఆ ఆగడాన్ని గమనించు. గత రెండు మూడేళ్ళలో మధ్యలో ఎవరైనా వెళ్ళిపోయారా, ఎందుకు అని కూడా అడుగు. గంటల సంగతి కూడా ఇలాగే తేల్చుకోవాలి. రూలు ప్రకారం నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు దాటకూడదు, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు ఉండాలి, ఇంటర్న్ చేతికింద ఒకేసారి పదిమందికి మించి పేషెంట్లు ఉండకూడదు. ఈ రూళ్ళు ఊరికే రాలేదు, 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి హాస్పిటల్లో చనిపోతే, ఆ రాత్రి చూసిన రెసిడెంట్ల అలసట గురించీ వాళ్ళ వెనక పెద్ద డాక్టర్ లేకపోవడం గురించీ గొడవ జరిగి, 1989లో ముందు న్యూయార్క్‌లో, 2003లో దేశమంతా గంటల పరిమితి వచ్చింది. అయితే రూలు అన్ని చోట్లా ఉంటుంది, 80 దాటితే నిజం రాస్తారా తగ్గించి రాయమంటారా అన్నదే నువ్వు కనుక్కోవాల్సింది.

పెద్ద పేరుకి విలువ లేదని నేను అనను. కార్డియాలజీనో గ్యాస్ట్రోనో చేయాలని నీకు గట్టిగా ఉంటే యూనివర్సిటీలో రీసెర్చ్, ఆ సబ్జెక్ట్ పెద్దవాళ్ళ ఉత్తరాలు బాగా పనికొస్తాయి, ఆ మాట నాన్న చెప్పేదాంట్లో నిజమే. కానీ మిషిగన్ వాళ్ళ దగ్గర్నుంచి గత మూడేళ్ళలో ఎంతమందికి ఏ ఫెలోషిప్ (రెసిడెన్సీ తర్వాత చేసే స్పెషాలిటీ ట్రైనింగ్) వచ్చిందో లిస్ట్ అడిగి తీసుకో. ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు పరీక్షలో ఏ ప్రోగ్రాంకి ఎంత శాతం పాస్ అయ్యారో ఆ బోర్డు, ఏబీఐఎం, అందరికీ కనపడేలా పెడుతుంది, మూడింటికీ చూసుకో.

వీసా మాత్రం ఈ వారమే తేల్చుకో. జే1 (ట్రైనింగ్ కోసం ఇచ్చే వీసా) అయితే ట్రైనింగ్ అయిపోయాక రెండేళ్ళు ఇండియాకి రావాలి, లేదా డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేసే వేవర్ (ఆ రెండేళ్ళ నుంచి మినహాయింపు) దొరకాలి, కాన్రాడ్ అనే స్కీం కింద ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 వేవర్లే. ఉద్యోగ వీసా హెచ్1బీకి స్టెప్ 3 పాసై ఉండాలి, పైగా 2025 సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చాక పాత సీనియర్లు చెప్పిన మాట మీద ఉండొద్దు, మూడు చోట్లా కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకో.

పిన్ని ఇంట్లో అన్నం దొరకడం చిన్న విషయం కాదు, ముప్ఫై గంటలు మెలకువగా ఉండి వచ్చిన రోజున అది ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. కానీ మనవాళ్ళు ఎక్కువున్నంత మాత్రాన సీనియర్లు మెత్తగా ఉంటారని లేదు, ఒక్కోసారి మేమూ ఇలాగే పడ్డాం మీరూ పడండి అనేది మన దగ్గరే ఎక్కువ. ఆ ఫస్ట్ ఇయర్ వాళ్ళనీ అదే ప్రశ్న అడుగు. నీ స్థానంలో నేనైతే, బోర్డు పాస్ శాతం బాగుండి వీసా జవాబు సరిగ్గా వస్తే, మిషిగన్‌ని ఒకటో నంబర్లో పెట్టి ఆ రాత్రి హాయిగా పడుకుంటాను. నీకు బాగా అనిపించింది అన్నావే, ఎందుకనిపించిందో వాళ్ళు చెప్పిన మాటలు కాగితం మీద రాసి నాన్నకి చదివి వినిపించు.

ప్రశ్న: మా అబ్బాయి నీట్ పీజీ ర్యాంకుకి మా జిల్లాలో కొత్త ప్రభుత్వ కాలేజీలో ఎండీ జనరల్ మెడిసిన్ కానీ, హైదరాబాద్ కార్పొరేట్ హాస్పిటల్లో డీఎన్‌బీ కానీ వచ్చేలా ఉంది. వెబ్ ఆప్షన్లలో ఏది పైన పెట్టాలి?
(ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: అన్నా, రెండూ మూడేళ్ళే, రెండూ చెల్లుబాటయ్యే పీజీలే, కాబట్టి డిగ్రీ పేరు చూసి కంగారుపడొద్దు. అబ్బాయిని రెండు చోట్లకీ రాత్రి తొమ్మిది తర్వాత వెళ్ళమనండి, క్యాజువాలిటీ బయట టీ దగ్గర పీజీలు దొరుకుతారు, వాళ్ళతో అరగంట మాట్లాడితే చాలు. కొత్త కాలేజీలో అడగాల్సింది ప్రొఫెసర్లు రోజూ వార్డుకి వస్తున్నారా, రాత్రి సీరియస్ కేసు వస్తే పీజీ పక్కన ఎవరుంటారు, థీసిస్ గైడ్ ఎవరు అని. కార్పొరేట్‌లో అడగాల్సింది వేరు, అక్కడ పేషెంట్ కన్సల్టెంట్‌ది కాబట్టి సెంట్రల్ లైన్, ఇంట్యుబేషన్ లాంటివి పీజీ చేత చేయిస్తారా లేక పక్కన నిలబెట్టి నోట్స్ రాయిస్తారా, పోయిన బ్యాచ్‌లో ఎంతమంది మొదటిసారే ఫైనల్ పాస్ అయ్యారు. డ్యూటీ 12 గంటలు, వారానికి 48 అని 1992 నాటి కేంద్ర ఉత్తర్వు ఒకటుంది, అది ఎక్కడ ఎంత అమలవుతోందో కూడా ఆ టీ దగ్గరే తెలుస్తుంది. సీటు వదిలేస్తే ఎంత కట్టాలో, స్టైపెండ్ నెలనెలా వస్తోందో లేదో రాసుకోమనండి. నిజంగా పేషెంట్లుండి, పక్కన నేర్పేవాళ్ళుంటే నేను జిల్లా కాలేజీనే పైన పెట్టమంటాను. నేర్పేవాళ్ళు లేరని పీజీలే చెప్తే మాత్రం ఇంటికి దగ్గరని చూసుకోకుండా హైదరాబాద్ పంపించండి.