గల్ఫ్ కూలీల మీద వీడియో తీయబోతున్న బిడ్డకు

బిడ్డా,

జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్ పోయే కూలీల మీద వీడియో ఆర్ట్ చేస్తానని రాశావు. సంతోషం. కానీ మొదటి షాటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఏడుస్తున్న తల్లి మొహం అనేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. అది తీయకు. ఆ ఏడుపు టీవీలో ఎన్నోసార్లు వచ్చింది. చూసినవాళ్లు అయ్యో అంటారు, ఆమెకు ఒరిగేదేమీ లేదు.

పదో తరగతి పాస్ కాని మనిషికి సరిహద్దు పాస్‌పోర్టు దగ్గరే మొదలవుతుంది. అలాంటివాళ్లకు ఇచ్చే ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు మీద గల్ఫ్‌లో పనికి పోవాలంటే మన సర్కారు ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అది తప్పించడానికి కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపేస్తారు. అక్కడ దిగాక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని), అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్) ఉండనే ఉన్నాయి. అందుకే కాగితాలు తీయి. అప్పుకు రాసిన ప్రామిసరీ నోటు, మెడికల్ రిపోర్టు, అరబ్బీ కాంట్రాక్టు. పోయే కూలీ వాటిని చేత్తో పట్టుకుని తనకు తెలిసినంత చెప్తుంటే కెమెరా కదపకు. పేర్లు, నంబర్లు కనపడనివ్వకు.

మొరాకోలో పుట్టిన కళాకారిణి బుష్రా ఖలీలీ 2008–2011 మధ్య చేసిన 'ది మ్యాపింగ్ జర్నీ ప్రాజెక్ట్' వీలైతే చూడు. ఎనిమిది వీడియోలు. ఒక్కోదాంట్లో ఒక మ్యాపు, మార్కర్ పట్టుకున్న చెయ్యి, ఒక గొంతు. పత్రాలు లేకుండా దేశాలు దాటినవాళ్లు తమ దారి తామే గీస్తూ చెప్తారు. మొహాలు కనపడవు, అయినా మనిషి మనసులో నిలిచిపోతాడు.

నీకూ అదే దారి మంచిది. కఫీల్‌ను వదిలి ఖల్లివెల్లి అయిన, అంటే పత్రాలు లేకుండా బయట పనిచేసుకునే మనిషి మొహం చూపిస్తే పట్టిచ్చినట్టే. యూఏఈలో అనుమతి లేకుండా ఒకరి ఫోటో తీసినా సైబర్ నేరాల చట్టం కింద కేసు కావచ్చు. లేబర్ క్యాంపులోకి దొంగచాటుగా కెమెరా తీసుకెళ్లే ఆలోచన మానుకో. నువ్వు విమానం ఎక్కి వచ్చేస్తావు, నిన్ను లోపలికి తీసుకెళ్లినవాడు అక్కడే ఉండాలి.

ఎక్కువ కష్టం శబ్దం మీద పెట్టు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవని మనవాళ్లు చాలామంది ఇమో అనే కాలింగ్ యాప్ వాడతారు. కాల్ తెగడం, "ఇంటున్నవా?" అని మళ్లీ మళ్లీ అడగడం, వెనకాల బంకు మంచాల మీద మిగతావాళ్లు ఎవరింటితో వాళ్లు మాట్లాడుకోవడం. ఇరువైపులా ఒప్పుకుంటేనే రికార్డు చెయ్యి. రెండు స్క్రీన్లు ఎదురెదురుగా పెట్టు. ఒకదాంట్లో ఇక్కడి ఇల్లు, ఇంకోదాంట్లో అక్కడి గది. ఒకటి చూడాలంటే రెండోదానికి వీపు పెట్టాల్సిందే.

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్లను ఇందులో ఇరికించకు. వాళ్లు ఉండేది యజమాని ఇంట్లోనే, ఫోన్‌లో మాట్లాడించడమే కష్టం. దానికి వేరే వీడియో చెయ్యి.

మాట్లాడిన ప్రతి ఒక్కరికీ ఒక రోజు కూలి ఇవ్వు. ఎడిటింగ్ అయ్యాక చూపించు, వద్దంటే తీసెయ్యి. హైదరాబాద్ గ్యాలరీ కంటే ముందు ఊళ్లో వెయ్యి. శుక్రవారం పెట్టు. సౌదీ, కువైట్, ఖతార్‌లలో ఆ రోజు సెలవు కాబట్టి అక్కడున్నవాళ్లు కూడా ఫోన్‌లో చూసి, ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్తారు.