మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, తుర్కుల చేతిలో ఉన్న అమ్మాన్ మీద బ్రిటిష్ సేనలు చేసిన దాడి జోర్డాన్ నది వల్లే విఫలమైందా?

నది వల్ల ఆలస్యమైంది, నిజమే. కానీ దెబ్బతిన్నది నది దగ్గర కాదు. దాటాక ఫిరంగులను కొండ ఎక్కించలేకపోవడమే అసలు కారణమని నా అభిప్రాయం.

లక్ష్యం అమ్మాన్ పట్టణం కూడా కాదు, దాని దక్షిణాన తుర్కుల హెజాజ్ రైల్వేకు చెందిన ఎత్తైన వంతెన, సొరంగం. ఆ రెండూ కూల్చితే మదీనాదాకా వెళ్లే లైను నెలల తరబడి మూతపడేది. అందుకోసం జనరల్ షే కింద 60వ లండన్ డివిజన్, అన్జాక్ మౌంటెడ్ డివిజన్ (ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ గుర్రపు దళాలు), ఒంటెల బ్రిగేడ్ కదిలాయి.

మార్చి 21 రాత్రి వానలకు జోర్డాన్ పొంగి ఉంది. ఘొరానియే రేవు దగ్గర ఈదబోయినవాళ్లను ప్రవాహం నెట్టేసింది, పైగా కాల్పులు. దిగువన మఖాదత్ హజ్లా దగ్గర మాత్రం ఈతగాళ్లు తాడు పట్టుకుని అవతలి ఒడ్డు చేరారు. ఆ తాడు ఆధారంగా తెప్పలు లాగి మనుషులను చేర్చారు, 22 ఉదయానికి పాంటూన్ వంతెన (పడవల మీద తేలే వంతెన) నిలిచింది. 23న న్యూజీలాండ్‌కు చెందిన ఆక్లాండ్ రైఫిల్స్ గుర్రాల మీద అటు దాటి, తూర్పు ఒడ్డు వెంబడి ఉత్తరానికి దూసుకెళ్లి ఘొరానియే ఎదుటి తుర్కులను తరిమేశారు. అప్పుడే అక్కడ వంతెనలు వేయడం కుదిరింది. ఎదురుగా దాటలేని రేవును పక్క నుంచి తెరవడం చక్కటి పని. వంతెన పనులు తెలిసినవాళ్లు దీన్ని శ్రద్ధగా చదవాలి.

కష్టం ఆ తర్వాత మొదలైంది. నది సముద్రమట్టానికి సుమారు 1,200 అడుగుల కింద, అమ్మాన్ పీఠభూమి దాదాపు 3,000 అడుగుల పైన. లండన్ డివిజన్ 25న కొండల్లోని అస్ సాల్ట్ పట్టణం చేరింది. దక్షిణంగా నావూర్ ఊరి దారి పట్టిన మౌంటెడ్ దళాలకు బండి వెళ్లే బాటే లేదు. చక్రాల బండ్లు వదిలేసి మందుగుండును ఒంటెల మీదకు మార్చారు. ఇసుకకు సరిపోయే ఒంటె పాదం తడి బంకమట్టిలో జారిపోతుంది. వాన, చలి, చీకటి తోడయ్యాయి. అమ్మాన్‌కు ముందున్న ఐన్ అస్ సిర్ ఊరు చేరేసరికి మనుషులు, జంతువులు కూలబడిపోయే స్థితి. విశ్రాంతి ఇవ్వక తప్పలేదు. ఆ వ్యవధిలో తుర్కులకు రైల్లో బలగాలు అందాయి.

27 నుంచి 30 దాకా పోరాడినా చేతిలో ఉన్నవి జంతువుల మీద మోసుకెళ్లే చిన్న కొండ ఫిరంగులే. రాళ్ల మాటున ఉన్న మెషిన్‌గన్‌లను అణచడానికి అవి చాలవు. న్యూజీలాండ్ దళం 30 తెల్లవారుజామున అమ్మాన్ పక్కన ఉన్న 3039 నంబరు గుట్ట మీదకు ఎక్కింది గానీ, అమ్మాన్ కోట లొంగలేదు. దక్షిణాన కొన్ని మైళ్ల పట్టాలు, ఉత్తరాన ఒక చిన్న వంతెన పేల్చారు; పెద్ద వంతెన, సొరంగం అలాగే ఉండిపోయాయి. ఇంకోవైపు జోర్డాన్ నది ఎగువన ఉన్న జిస్ర్ ఎద్ దామియే రేవు మీదుగా వచ్చిన తుర్కులు అస్ సాల్ట్‌ను ఒత్తసాగారు. వెనుక దారి తెగితే అందరూ కొండ మీదే చిక్కుకుంటారు. 30 సాయంత్రం వెనక్కి రమ్మని ఆదేశం వచ్చింది, ఏప్రిల్ 2కి పశ్చిమ ఒడ్డు చేరారు. 1,200 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, గల్లంతయ్యారు. తుర్కుల ప్రతీకారానికి భయపడి అస్ సాల్ట్ క్రైస్తవులు వేలమంది సైన్యంతో పాటే కొండ దిగారు. ఈ దాడి లెక్కల్లో వాళ్లను కూడా చేర్చాలి.

ఘొరానియే దగ్గర తూర్పు ఒడ్డు స్థావరం మాత్రం చేతిలో మిగిలింది. ఏప్రిల్ 30న అక్కడి నుంచే రెండో దాడి. ఈసారీ దామియే రేవును మూయలేదు; తుర్కులు అదే దారిన వచ్చి తొమ్మిది బ్రిటిష్ ఫిరంగులు పట్టుకున్నారు.