అల్లుడూ, ఆ పాత టూరింగ్ బండికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువు

అల్లుడూ, నువ్వు కొందామనుకుంటున్న ఆ మోటార్ సైకిల్ ఫొటోలు చూశాను, బండి బానే మెరుస్తోంది, కానీ పాతికేళ్ల బండి పదిహేను వేల కిలోమీటర్లే తిరిగింది మామయ్యా అని సంబరపడుతున్నావు చూడు, నాకు భయం వేసింది సరిగ్గా అక్కడే. అంత తక్కువ తిరిగిందంటే ఏళ్ల తరబడి ఎక్కడో మూల పడి ఉందని అర్థం. లక్ష తిరిగినా టైముకి ఆయిల్ మార్చి, బిల్లులు దాచిన బండైతే నేను ధైర్యంగా కొనమంటాను, ఈ పెద్ద ఇంజన్లు చేసిందే దూరాలు పోవడానికి. కదలకుండా ఉంటే ట్యాంకులో తుప్పు, ఇంజన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే కార్బురేటర్లలో పెట్రోల్ ఆరిపోయి జిగురులా గట్టిపడి జెట్లు అనే సన్న రంధ్రాలు మూసుకుపోతాయి, నాలుగు కార్బురేటర్లుంటే నాలుగూ దింపి క్లీన్ చేసి మళ్లీ అన్నీ సమానంగా పనిచేసేలా సింక్ చేయించాలి, ముందు షాకుల్లో ఆయిల్ ఆపే ఫోర్క్ సీళ్లు ఎండిపోతాయి, బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చేసుకుని బ్రేక్ ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిస్టన్లు పట్టేస్తాయి.

టైర్ల మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, దాని చివరి నాలుగంకెలు చూడు, 2314 అంటే 2014లో 23వ వారం చేసిన టైరు. బటన్లు బానే ఉన్నాయి కదా అంటారు, ఉన్నా సరే, రబ్బరు గట్టిపడితే గ్రిప్ ఉండదు, అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని లగేజీతో వానలో వెళ్తావు నువ్వు, దీంట్లో మాత్రం నేను ఒప్పుకోను.

నువ్వు వెళ్లేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పు. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టు, వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయ్, ఎందుకంటే బండి అసలు సంగతి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే తెలిసేది. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టే.

మల్టీమీటర్ పట్టుకెళ్లు. ఇంజన్ ఆఫ్‌లో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, కాస్త రేజ్ చేస్తే 14 దగ్గరికి ఎక్కాలి, ఎక్కలేదంటే చార్జింగ్ సరిగ్గా లేదు. ఇదేదో చిన్న పని అనుకోకు, మోడల్ని బట్టి చాలా తేడా ఉంటుంది. హోండా వాళ్ల పాత గోల్డ్ వింగ్‌లలో, జీఎల్1200 మోడల్ దాకా, చార్జింగ్‌కి కరెంటు పుట్టించే స్టేటర్ ఇంజన్ లోపల ఉంటుంది, అది పోతే మార్చడానికి ఇంజన్ మొత్తం దించాల్సిందే, తర్వాతి ఆరు సిలిండర్ల 1500లో ఆ పని చేసే ఆల్టర్నేటర్ బయటికి పెట్టారు. అలాగని 1500 కళ్లు మూసుకుని కొనేది కాదు, దాంట్లో వాల్వులు సరైన టైముకి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ బెల్టులుంటాయి, మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకో, అవి తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. 2001లో వచ్చిన 1800లో బెల్టుల బదులు చైన్లు పెట్టారు, ఆ బాధ లేదు. నువ్వు ఏ కంపెనీది చూస్తున్నా ఆ మోడల్‌కి ఇలాంటి తెలిసిన జబ్బు ఏదో ఒకటి ఉంటుంది, అది కనుక్కున్నాకే బయల్దేరు.

సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేచేలా వెనక నొక్కి పట్టుకోమను, హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పు, మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. అది పెద్ద ఖర్చు కాదులే, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

ఇంకోటి, బరువు. ఫుల్ ట్యాంకుతో కొన్ని 350 కిలోలు దాటతాయి, రోడ్డు మీద ఆ బరువు తెలీదు, పార్కింగ్‌లో వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది, అందుకే నడపడమే కాదు, ఇంజన్ ఆపేసి చేత్తో నెట్టి కూడా చూడు, భయమేస్తే చిన్నది చూద్దాం, అందులో నామోషీ ఏం లేదు.

డబ్బు సంగతి నా లెక్కైతే, బండి ధరలో మూడో వంతు రిపేర్లకి పక్కన పెట్టుకోగలిగితేనే కొను. ఉన్నదంతా బండికే పోసేస్తే టైర్లకీ బ్యాటరీకీ చేతులు ఆడవు. ఇంజన్ పార్టులు ఎలాగోలా దొరుకుతాయి కానీ బండి ముందూ పక్కలా కప్పే ఫెయిరింగ్ ప్లాస్టిక్కులు, బ్రేక్ వేస్తే చక్రం లాక్ కాకుండా చూసే పాత ఏబీఎస్ యూనిట్లు దొరకడం కష్టం, కాబట్టి అవి ఇప్పుడే ఎక్కడ దొరుకుతాయో వాకబు చెయ్, ఇలాంటి బండి ఇదివరకు విప్పిన మెకానిక్ ఒకడు నీకు అందుబాటులో ఉన్నాడో లేదో కూడా.

వెళ్లినప్పుడు టైరు కోడూ, మీటర్ రీడింగూ, సర్వీస్ బిల్లులూ ఫొటోలు తీసి నాకు పంపు, ఫ్రేమ్ మీద నంబరు కాగితాల్లో ఉన్నదానితో అంకె అంకె సరిచూసుకున్నాకే డబ్బు మాట ఎత్తు. ఎవరో ఇంకొకళ్లు ఈరోజే కొనేస్తామంటున్నారని తొందరపెడితే కొనుక్కోనీ.

మీ మామయ్య