ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఏ పక్కన నడవాలి?

మన దేశంలో ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవాలి. సైకిల్ తొక్కేవాళ్లు మాత్రం మిగతా బండ్లలాగే ఎడమ పక్కన వెళ్లాలి.

మన దగ్గర బండ్లు ఎడమ పక్కన వెళ్తాయి. నడిచేవాళ్లూ అటే వెళ్తే, దగ్గరగా వచ్చే బండి ఎప్పుడూ వెనక నుంచే వస్తుంది. కుడి పక్కనైతే అది కళ్లెదుటే ఉంటుంది, ఒక్క అడుగు వేసి మార్జిన్‌లోకి దిగిపోవచ్చు.

తెల్లవారుజామున వచ్చే వరిగడ్డి ట్రాక్టర్‌నే తీసుకోండి. గడ్డి ట్రాలీ అంచు దాటి రెండు పక్కలా బయటికి వచ్చి ఉంటుంది. వెనక నుంచి వస్తే శబ్దం వినిపిస్తుందే గానీ, లోడు ఎంత వెడల్పుందో తెలియదు. ఎదురుగా వస్తే హెడ్‌లైట్ దూరం నుంచే కనిపిస్తుంది.

'ఎడమ పక్కనే వెళ్లాలి' అని బళ్లో నేర్చుకున్నది అందరికీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. అది బండ్లకు. దీనికంటే ప్రమాదకరమైన పొరపాటు, సైకిల్ మీద ఎదురు వెళ్లడం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్, 50తో వచ్చే కారుకు ఎదురెళితే రెండూ 65 వేగంతో దగ్గరవుతాయి. ఒకే దిశలో అయితే 35తోనే. పైగా సందులోంచి ఎడమకు తిరిగే డ్రైవర్ కుడివైపే చూస్తుంటాడు, ఎడమవైపు నుంచి సైకిల్ వస్తుందని అనుకోడు. నడిచే మనిషి వేగం 5 కిలోమీటర్లే కాబట్టి ఆ తేడా పెద్దగా ఉండదు.

ఒక్క మినహాయింపు: కుడికి తిరిగే గుడ్డి మలుపు దగ్గర ముందే అవతలి పక్కకు దాటండి. అక్కడ లోపలి అంచున నడిచే మనిషి ఎదురొచ్చే డ్రైవర్‌కు ఆఖరి క్షణం దాకా కనిపించడు.