సైకిల్ ట్రైలర్ హిచ్: ఇరుసుకా, సీటు రాడ్‌కా?

ప్రశ్న: సామాన్ల కోసం సొంతంగా రెండు చక్రాల సైకిల్ ట్రైలర్ చేశాను. హిచ్‌ను, అంటే ట్రైలర్‌ను సైకిల్‌కి తగిలించే భాగాన్ని, సీటు రాడ్‌కి బిగించాలా, వెనక ఇరుసుకా? జాయింట్‌కి రబ్బరు గొట్టం ముక్క సరిపోతుందా?

జవాబు: ఇరుసుకే, చైన్ లేని ఎడమ పక్కన. ఈ ప్రశ్న నాకు పదేపదే వస్తోంది, అదీ ట్రైలర్‌కి రంగులు కూడా వేశాక! లాగుడు కడ్డీ ఎంత పొడవుండాలో, ఎక్కడ వంగాలో తేల్చేది హిచ్చే. ముందు అది ఖాయం కావాలి.

సీటు రాడ్‌కి బిగించడం తేలికే. కానీ బ్రేక్ వేయగానే ట్రైలర్ బరువంతా అంత ఎత్తులో వెనకనుంచి తోస్తుంది. మలుపులో అయితే ఆ తోపు సైకిల్‌ను పక్కకి పడేస్తుంది. ఇరుసు దగ్గర అదే తోపు నేలకి దగ్గరగా పడుతుంది కాబట్టి తట్టుకోవచ్చు.

జాయింట్ మూడు విధాలుగా కదలాలి: మలుపుకి పక్కలకి, గతుక్కి పైకీ కిందకీ, సైకిల్ ఒరిగినప్పుడు మెలికగా. ఈ మూడోదాన్నే అందరూ మరిచిపోతారు. యూనివర్సల్ జాయింట్ (పక్కలకీ, పైకీ కిందకీ వంగే కీలు) పెట్టి పని అయిపోయిందనుకుంటారు. అది మెలికను వదిలేసేది కాదు, ఇటునుంచి అటు అందించేది. వాహనాల్లో ఇంజిన్ తిప్పే శక్తిని చక్రాలవైపు చేరవేసేది అదే కదా. కాబట్టి దాని వెనక కడ్డీ ఒక గొట్టంలో స్వేచ్ఛగా తిరిగేలా చేయండి. రబ్బరు గొట్టం మూడు కదలికలూ ఇస్తుంది, నిజమే. కానీ ఎండకి పెళుసెక్కి, క్లాంప్ కింద కనబడకుండా చిట్లుతుంది. తేలిక సామానుకే వాడండి, తరచూ విప్పి చూడండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది నడి రోడ్డు మీద హిచ్ ఊడిపోవడం. బరువుతో ఉన్న ట్రైలర్ ఎటు పోతుందో, ఎవరిని గుద్దుతుందో మన చేతిలో ఉండదు. అందుకే రెండో బంధం తప్పనిసరి. గట్టి పట్టీ ఒకటి కడ్డీనుంచి తెచ్చి సైకిల్ ఫ్రేమ్‌కే చుట్టాలి. హిచ్ పిన్నుకి కట్టారో, పిన్నుతోపాటే అదీ పోతుంది. కడ్డీ ఊడినా ముక్కు నేలకి గుచ్చుకోనంత పొట్టిగా, ఊచల్లో చిక్కుకోకుండా ఉండాలి.

ఒక్క నొక్కుతో తగిలించే స్ప్రింగ్ బటన్ హిచ్‌లంటే నాకు కోపం. పట్టు పడిందో లేదో కంటికి కనిపించదు, అది జారితే ఆపడానికి ఇంకేమీ ఉండదు. ఫోన్ స్టాండ్ నుంచి బ్యాటరీ పెట్టెల దాకా ఇదే తంతు: తీయడం, పెట్టడం ఎంత తేలికో చూస్తున్నారు, జారితే ఏమవుతుందో చూడటం లేదు. మనుషుల మధ్య తిరిగే బరువుకి ఇలాంటి డిజైన్ తగదు.

హిచ్ పలకను ఫ్రేమ్‌కి బయటివైపే పెట్టండి. చక్రానికీ ఫ్రేమ్‌కీ మధ్య దూర్చొద్దు. పలక మందం వల్ల నట్టుకి పూర్తి మరలు దొరక్కపోతే పొడవాటి ఇరుసు కొనాల్సిందే. త్రూ యాక్సిల్ (చక్రం గుండా దూర్చి ఫ్రేమ్‌లోకే మరలతో బిగించే ఇరుసు) అయితే 12 మి.మీ. సైజులోనే మరకీ మరకీ మధ్య దూరం 1.0, 1.5, 1.75 మి.మీ. అని రకరకాలుగా ఉంటుంది, కొలవకుండా కొనకండి.

సామాను బరువులో 5 నుంచి 10 శాతం హిచ్ మీద పడేలా సర్దండి. వెనక బరువెక్కితే ట్రైలర్ ఊగిపోతుంది.

రోడ్డెక్కేముందు, సామాను ఎక్కించిన ట్రైలర్‌తో సైకిల్‌ను ఎడమకీ కుడికీ నేలమీద పడుకోబెట్టి చూడండి. ట్రైలర్ రెండు చక్రాలూ నేలమీదే ఉండాలి. ఒకటి లేచిందంటే జాయింట్ ఇంకా పట్టేస్తున్నట్టే.