డిస్కును ఖాళీ చేయడమా, డిస్కులో ఖాళీ చేయడమా?

సందేహం: మా కోల్డ్ స్టోరేజీ కార్యాలయంలో కంప్యూటర్లు తరచూ నిండిపోతున్నందున, విన్‌డర్‌స్టాట్ అనే సాఫ్ట్‌వేర్ వాడే పద్ధతిని గుమాస్తాల కోసం తెలుగులో రాసిపెట్టాను. ‘ఈ సాఫ్ట్‌వేర్ డిస్కు ఖాళీ చేస్తుంది. ఎక్కువ స్థలం తీసుకునే ఫైళ్లను తొలగించండి’ అన్న వాక్యాలు చదివి, ఒక గుమాస్తా తన లెక్కలన్నీ పోతాయేమోనని భయపడ్డారు. నా వాక్యాలలో దోషం ఉన్నదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఆ గుమాస్తా భయం సమంజసమైనదే. ‘కోల్డ్ స్టోరేజీని ఖాళీ చేశారు’ అంటే మిర్చి టిక్కీలన్నీ బయటికి వెళ్లిపోయాయని మీ ఊళ్లో ఎవరైనా అర్థం చేసుకుంటారు. ‘కోల్డ్ స్టోరేజీలో ఖాళీ చేశారు’ అంటే మాత్రం, ఉన్న సరుకును ఉంచి, కొత్తగా వచ్చేదానికి చోటు కల్పించారని అర్థం. మీరు చెప్పదలచుకున్నది రెండవది. మీ వాక్యం వినిపించినది మొదటిది.

ఈ తేడాకు మూలం ‘ఖాళీ’ అన్న మాటలోనే ఉన్నది. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు చేరిన ఈ మాట అక్కడ విశేషణమే. తెలుగులో ‘ఖాళీ గది’ వంటి చోట్ల విశేషణంగా నిలిచి ఉంటూనే, ‘విజయవాడ బస్సులో ఖాళీ లేదు’, ‘ఉద్యోగ ఖాళీలు’, ‘ఖాళీలను పూరించండి’ వంటి ప్రయోగాలలో అది పూర్తిగా నామవాచకమయింది. అందువల్ల ‘ఖాళీ చేయు’ అన్నప్పుడు ఉన్నదంతా తీసివేయడమా, కొంత చోటు కల్పించడమా అన్నది ముందున్న పదపు విభక్తే తేల్చాలి. మీరు ‘డిస్కు’ అని విభక్తి లేకుండా వదిలారు. ‘ఇల్లు’ వంటి ఔపవిభక్తికమైతే, అంటే విభక్తి చేరేటప్పుడు రూపం మారే పదమైతే, ‘ఇల్లు ఖాళీ’, ‘ఇంటి ఖాళీ’ అని రూపభేదమైనా ఉండేది. ‘డిస్కు’కు షష్ఠిలోనూ అదే రూపం కనుక ఆ ఆసరా కూడా లేదు. అచేతన పదాలకు ‘ను’ వదిలివేయడం తెలుగులో తప్పు కాదు, కానీ సూచనలు రాసేటప్పుడు ఆ వెసులుబాటు తీసుకోకపోవడమే క్షేమం.

అంతకన్నా పెద్ద దోషం కర్త విషయంలో ఉన్నది. ఈ సాఫ్ట్‌వేర్ తనంతట తాను దేనినీ తొలగించదు. ఏ ఫైలు ఎంత చోటు ఆక్రమించిందో చూపుతుంది. తెరపై ఒక్కొక్క ఫైలు ఒక్కొక్క దీర్ఘచతురస్రంగా, పరిమాణానికి తగిన వైశాల్యంతో, రకాన్ని బట్టి రంగుతో కనిపిస్తుంది. ఒకదానిని నొక్కితే అది ఏ ఫోల్డరులోనిదో జాబితాలో తెలుస్తుంది. ఈ చిత్రపద్ధతిని 1990లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ రూపొందించినది కూడా, 14 మంది కలిసి వాడుకునే 80 మెగాబైట్ల డిస్కు నిండిపోయినప్పుడు, చోటంతా ఎక్కడికి పోతున్నదో చూడడానికే. కనుక ఇక్కడ తగిన క్రియ ‘చూపుతుంది’. తొలగించే బాధ్యత మనిషిది. వాక్యంలోనూ ఆ కర్తృత్వం మనిషికే ఉండాలి.

మీ రెండవ వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే అయినా, అర్థరీత్యా మొదటిదానికన్నా ప్రమాదకరం. ‘ఎక్కువ స్థలం తీసుకునే ఫైళ్లను’ అన్నప్పుడు పెద్దదైన ప్రతి ఫైలూ తీసివేయదగినదే అవుతుంది. విండోస్‌లో పెద్ద గడులుగా కనిపించే పేజ్‌ఫైల్.సిస్ వంటివి వ్యవస్థ తన పనికి పెట్టుకున్నవి. విన్ఎస్ఎక్స్ఎస్ ఫోల్డరులోనివి చేత్తో చెరిపితే విండోస్ దెబ్బతినవచ్చు. ద్వితీయను నిర్ధారణార్థకమైన, అంటే కొన్నిటిలోంచి కొన్నిటినే వేరుచేసి చెప్పే ‘లో’గా మార్చితే ఈ చిక్కు తీరుతుంది. మొత్తం మీద ఇలా రాయండి:

‘ఏ ఫైళ్లు ఎక్కువ చోటు తీసుకుంటున్నాయో ఈ సాఫ్ట్‌వేర్ చూపుతుంది. వాటిలో మీరు సొంతంగా దాచుకున్నవే అయి, ఇక అవసరం లేనివాటిని మాత్రమే తొలగించి డిస్కులో ఖాళీ చేసుకోండి. విండోస్ ఫోల్డరులోని వాటిని ముట్టుకోకండి.’

‘చేసుకోండి’ అన్న ఆత్మార్థకం కావాలనే వాడాను. తన ఫైళ్లలో ఏది ఉంచాలో నిర్ణయించేది తానేనన్న ధైర్యం దానివల్ల ఆ గుమాస్తాకు కలుగుతుంది.

ఒక్క చోట మాత్రం ‘ను’ ఉండితీరాలి. రీసైకిల్ బిన్‌లోకి పంపిన ఫైలు డిస్కులో తన చోటును ఇంకా వదలదు. బిన్‌లో ఉన్నదంతా పోతేనే ఆ చోటంతా తిరిగి వస్తుంది. కాబట్టి చివరి సూచనగా ‘బిన్‌లో పొరపాటున పడినవి లేవని చూసుకొని, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయండి’ అని చేర్చండి.